ఇండియాకి ఆడకపోయినా ఫెన్సింగ్ కోచ్‌గా పైకి రావచ్చా?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివా. స్కూల్ గేమ్స్ నుంచి ఫాయిల్ (ఫెన్సింగ్‌లో మొనతో పొడిచే సన్నటి కత్తి) ఆడుతున్నావు, సీనియర్ నేషనల్స్‌లో టీమ్ మెడల్ ఉంది, ఇండియా క్యాంప్‌కి పిలుపు రాలేదు, ఇప్పుడు 26 ఏళ్ళు, ఇంట్లో బ్యాంక్ పరీక్షలు రాయమని పోరు పెడుతున్నారు, నీకేమో కోచింగ్‌లోకి వెళ్ళాలని ఉంది. అడిగింది ఏంటంటే ఒలింపిక్స్ ఆడినవాళ్ళే పెద్ద కోచ్‌లు అవుతారా, నాలాంటోడు ఎంత చేసినా స్కూల్ కోచ్‌గానే ఉండిపోతాడా అని.

ముందు సూటిగా చెప్పేస్తా. పెద్ద మెడల్ ఉంటే మొదటి ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, పేరెంట్స్ వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేస్తారు, ఫెడరేషన్‌లో నీ మాట వింటారు. దాని ఉపయోగం అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత రోజూ హాల్లో చేసే పని వేరే, ఆ పని ఏంటంటే సరైన టైమ్‌కి సరైన చోట కావాలని పొడిపించుకోవడం. నవ్వకు, దీని గురించి కింద వివరంగా రాస్తా, ఎందుకంటే నీ ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది. నేనూ ఫాయిలే ఆడాను, తర్వాత ఎన్.ఐ.ఎస్ (పటియాలాలో కోచ్‌ల కోర్స్) చేసి పిల్లలకి నేర్పుతూ చాలా ఏళ్ళుగా ఇందులోనే ఉన్నా కాబట్టి చూసింది చెప్తున్నా, మనకంటే చాలా పైన ఉన్నవాళ్ళ కెరీర్లు కూడా కొంచెం చదువుకున్నా కాబట్టి అవీ చెప్తా.

ఇటలీలో యేజీ అని ఒక ఊరుంది, అంకోనా దగ్గర, జనాభా 40 వేల చిల్లర, అంటే మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ అంత. 1988 సియోల్ నుంచి 2012 లండన్ వరకు 7 ఒలింపిక్స్ జరిగితే అందులో 6 సార్లు ఆ ఊరోళ్ళే ఇండివిడ్యువల్ ఫాయిల్ గోల్డ్ కొట్టారు. 1988లో స్తెఫానో చెరియోని, 1992లో జొవాన్నా త్రిల్లీని, 2000, 2004, 2008 మూడూ వలెంతీనా వెజ్జాలి, 2012లో ఎలీసా ది ఫ్రాంచిస్కా. తప్పింది 1996 ఒక్కటే, ఆ సారి కూడా వెజ్జాలికి సిల్వర్ వచ్చింది. ఇంత చిన్న ఊరికి ఇదెలా సాధ్యం అని ఎవరైనా అడుగుతారు కదా, అడిగితే అందరూ ఒక్క పేరు దగ్గర ఆగుతారు, ఎజియో త్రిక్కోలి.

త్రిక్కోలి ఛాంపియన్ కాదు. ఒలింపిక్స్ ఆడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో పట్టుబడి సౌత్ ఆఫ్రికాలో జోండర్‌వాటర్ అనే ఖైదీల క్యాంప్‌లో ఉన్నప్పుడు ఒక ఇంగ్లీష్ సార్జెంట్ దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నాడు. విడుదలై ఊరికొచ్చి 1947లో క్లబ్ పెట్టాడు. అంతే ఆయన బయోడేటా. 30 ఏళ్ళకి అటూ ఇటూగా ఉన్న మనిషి, పెద్దయ్యాక జైల్లో ఆట నేర్చుకున్న మనిషి, ఒక ఊరినే ఫాయిల్ ఊరు చేసి పెట్టాడు. కాబట్టి "నాకు ఇండియా జెర్సీ లేదు" అనే బాధ నువ్వు ఇంక పక్కన పెట్టెయ్యొచ్చు. అయితే దీన్ని తిప్పి చదువుకుని "ఆడకపోయినా పర్లేదన్నమాట" అనుకోకు. ఆయన దశాబ్దాల పాటు రోజూ పిల్లల ముందు నిలబడి లెసన్ ఇచ్చాడు, మనం చూడాల్సింది దాన్ని.

ఇప్పుడు రెండో రకం, అంటే ఆట ఆడి, గెలిచి, తర్వాత కోచ్ అయిన మనిషి. అదే ఊరి చెరియోని. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఇటలీ ఫాయిల్ టీమ్ గోల్డ్‌లో ఉన్నాడు, 1988లో సియోల్ ఫైనల్లో ఈస్ట్ జర్మనీ ఉడో వాగ్నర్‌ని 10-7తో కొట్టి ఇండివిడ్యువల్ గోల్డ్ తీసుకున్నాడు. తర్వాత కోచింగ్. లండన్ 2012 నాటికి ఇటలీ ఫాయిల్ మొత్తానికి చీఫ్ ఆయనే, వాళ్ళ భాషలో కమిసారియో తెక్నికో అంటారు, సెలెక్షన్ కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. ఆ లండన్‌లో ఏం జరిగిందంటే విమెన్స్ ఫాయిల్ పోడియం మీద ముగ్గురూ ఇటాలియన్లే, ది ఫ్రాంచిస్కా, ఎరీగో, వెజ్జాలి, పైగా విమెన్స్ టీమ్ గోల్డ్, మెన్స్ టీమ్ గోల్డ్. విమెన్స్ టీమ్ ఫైనల్లో రష్యాని 45-31తో చితక్కొట్టారు.

ఆ ఓడిపోయిన రష్యానే చెరియోనిని పిలిచింది, ఆయన వెళ్ళిపోయాడు. ఇక్కడ చాలామంది "దేశద్రోహం" లెవెల్లో మాట్లాడతారు గానీ ఈ ఫీల్డ్‌లో అది మామూలే. టాప్ కోచ్ ఉద్యోగం ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్స్‌కి నాలుగేళ్ళ లెక్క, రిజల్ట్ బాగుంటే ఎక్కువ డబ్బులిచ్చే చోటికి పిలుపు, బాగోకపోతే సీటు పోతుంది. రష్యాలో ఆయన చేతికి ఇన్నా దెరిగ్లాజోవా వచ్చింది, లండన్లో ఓడిన టీమ్‌లో ఉన్న అమ్మాయే. రియో 2016 ఫైనల్లో ఒక పక్క దెరిగ్లాజోవా, ఇంకో పక్క ఎవరో తెలుసా, ది ఫ్రాంచిస్కా. సొంత ఊరమ్మాయి, నాలుగేళ్ళ కింద తను చీఫ్‌గా ఉన్నప్పుడు గోల్డ్ కొట్టిన అమ్మాయి. లండన్లో ఆమె 12-11తో గెలిచింది, రియోలో అదే 12-11తో ఓడిపోయింది. అదే ఒలింపిక్స్‌లో రష్యా మెన్స్ ఫాయిల్ టీమ్ ఫ్రాన్స్‌ని 45-41తో కొట్టి గోల్డ్ తీసుకుంది. ఇంకో తమాషా ఏంటంటే అప్పుడు ఇటలీ ఫాయిల్ చీఫ్ ఆంద్రేయా చిప్రెస్సా, 1984 టీమ్ గోల్డ్‌లో చెరియోని పక్కన నిలబడ్డ మనిషే. టోక్యోలో దెరిగ్లాజోవా ఇండివిడ్యువల్ ఫైనల్లో అమెరికా లీ కీఫర్ చేతిలో ఓడింది, రష్యా అమ్మాయిల టీమ్ మాత్రం గోల్డ్ కొట్టింది, అది అయ్యాక చిప్రెస్సా ప్లేస్‌లోకి చెరియోని తిరిగొచ్చాడు.

తర్వాత పారిస్ 2024. ఫిలిప్పో మాక్కి ఇండివిడ్యువల్ ఫైనల్లో హాంకాంగ్ చియుంగ్ కా లాంగ్ మీద 14-14 దాకా వచ్చాడు, ఆఖరి టచ్ (తగిలిన దెబ్బ, దానికో పాయింట్) దగ్గర ఇద్దరి లైట్లూ వెలగడం, రెఫరీ వీడియో చూడడం, మళ్ళీ ఆడించడం, మళ్ళీ చూడడం, చివరికి టచ్ చియుంగ్‌కి ఇచ్చారు. ఇటలీలో గొడవ గొడవ. మెన్స్ టీమ్ ఫైనల్లో జపాన్ చేతిలో, విమెన్స్ టీమ్ ఫైనల్లో అమెరికా చేతిలో ఓడారు. అంటే మూడు సిల్వర్లు, ఏ దేశమైనా ఎగిరి గంతేసే రిజల్ట్, ఇటలీ ఫాయిల్‌కి మాత్రం గోల్డ్ లేని ఒలింపిక్స్. అది అయ్యాక ఆ సీటు కూడా మారిపోయింది. ఎలీట్ కోచ్ జీవితం ఎలా ఉంటుందని అడిగావు కదా, ఇదీ. మాస్క్ తీసి పోడియం ఎక్కేది ప్లేయర్, ఒక్క టచ్ అటు పోయిందా ఇటు పోయిందా అన్నదాన్ని బట్టి నాలుగేళ్ళ కాంట్రాక్ట్ ఊగేది నీది, ఆ టచ్ ఆడేది నువ్వు కాదు, ఇచ్చేది కూడా నువ్వు కాదు.

సరే, పెద్దోళ్ళ సంగతి అయింది, ఇప్పుడు అసలు పని. ఇండివిడ్యువల్ లెసన్. ఫెన్సింగ్‌లో కోచ్ విజిల్ పట్టుకుని పక్కన నిలబడే మనిషి కాదని నీకు తెలుసు, కానీ లెసన్ తీసుకోవడం తెలిసినంత మాత్రాన ఇవ్వడం రాదు, ఇది చాలామంది మంచి ప్లేయర్లకి మొదటి నెలలోనే అర్థమవుతుంది.

ఒక్క ఉదాహరణ చెప్తా, ఇద్దరూ కుడిచేతి వాటమే అనుకో. పిల్లకి డిసెంగేజ్ అటాక్ నేర్పాలి. ఆ పిల్ల చెయ్యి చాపి సూటిగా వస్తుంది, నువ్వు పారీ ఫోర్‌కి వెళ్తావు, అంటే దెబ్బని అడ్డుకోవడానికి నీ బ్లేడ్ లోపలి వైపుకి జరుగుతుంది, ఆ పిల్ల తన పాయింట్‌ని నీ గార్డ్ కింద నుంచి చిన్నగా తిప్పి బయటి వైపు, నీ కుడి భుజం కింద పొడవాలి. చదవడానికి ఇంతే. ఇప్పుడు నువ్వు పారీ అర క్షణం ముందు చేశావనుకో, ఆ పిల్ల నీ బ్లేడ్ రాకముందే తిప్పడం నేర్చుకుంటుంది, అంటే చూసి చెయ్యదు, ఊహించి చేస్తుంది, బౌట్‌లో పారీ రాకపోతే గాల్లో తిప్పి ఎదురు దెబ్బ తింటుంది. అదే అర క్షణం లేటుగా చేశావనుకో, సూటిగా వచ్చినా తగిలిపోతుంది, తిప్పాల్సిన అవసరమే ఆ పిల్లకి తెలీదు. నీ పారీ ఎప్పుడు రావాలంటే ఆ పిల్ల వేలికి నీ బ్లేడ్ కదలిక అందాలి, కానీ బ్లేడ్‌కి బ్లేడ్ తగలకూడదు. అది కూడా ఆ పిల్ల స్పీడ్‌లో, నీ స్పీడ్‌లో కాదు. 12 ఏళ్ళ పిల్లకి ఒక స్పీడ్, జూనియర్ నేషనల్స్ ఆడే కుర్రాడికి ఇంకో స్పీడ్, అదే కుర్రాడికి సోమవారం ఒకటి, పోటీకి రెండు రోజుల ముందు ఇంకొకటి.

ఇది కుదిరాక తర్వాత మెట్టు. ఇప్పుడు నువ్వు ఒకసారి పారీ ఫోర్‌కి వెళ్తావు, ఒకసారి అసలు కదలవు, ఒకసారి వెనక్కి పోకుండా ఉన్నట్టుండి ఒక అడుగు ముందుకే వేస్తావు. పారీ వస్తే తిప్పాలి, రాకపోతే సూటిగా ముగించాలి, ముందుకొస్తే చెయ్యి మడిచి దగ్గరగా పొడవాలి. ఏది వస్తుందో ముందే తెలియకూడదు, నీ భుజం కదలిక బట్టి గానీ, కళ్ళని బట్టి గానీ, "మూడోసారి ఎప్పుడూ ఇదే" అనే అలవాటుని బట్టి గానీ దొరికిపోకూడదు. పిల్లలు చాలా తెలివైనోళ్ళు, కోచ్ అలవాట్లని వారంలో పట్టేస్తారు, ఆ తర్వాత లెసన్‌లో అద్భుతంగా ఆడి పోటీలో పూల్స్‌లోనే, అంటే మొదటి రౌండ్ గ్రూపుల్లోనే పోతారు, పేరెంట్స్ వచ్చి "మీ దగ్గర బాగానే చేస్తాడు కదా సార్" అంటారు. ఊళ్ళో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకి బెండ్లు కట్టి, పిల్లాడికి తెలియకుండా ఒక్కొక్కటీ తీసేస్తారే, అలా నువ్వు ఇచ్చే సాయం లెసన్ లెసన్‌కి తగ్గాలి, వాడికి తగ్గినట్టు తెలియకూడదు.

ఇక్కడే ఆట ఆడి వచ్చినవాళ్ళకి కష్టం. చిన్నప్పటి నుంచి ఆ చెయ్యికి నేర్పింది ఒక్కటే, తగలనివ్వకూడదు. పాయింట్ ఛాతీ మీదకి వస్తుంటే చెయ్యి దానంతట అదే పారీ చేసేస్తుంది, మెదడు వద్దన్నా చేసేస్తుంది. ఇంకొందరు మరీ, పిల్లాడి ముందు కూడా ఓడిపోవడం ఒప్పుకోరు, లెసన్ మధ్యలో రిపోస్ట్ (అడ్డుకుని వెంటనే ఇచ్చే ఎదురు దెబ్బ) కొట్టి "చూశావా, గార్డ్ ఓపెన్‌గా ఉంది" అంటారు, పిల్లాడు బిక్కమొహం వేస్తాడు. ఇంటర్నేషనల్ ఆడినవాళ్ళలోనూ ఈ జబ్బు చూశా, జిల్లా లెవెల్ దాటనివాళ్ళలోనూ చూశా, మెడల్‌తో సంబంధం లేదు. చెరియోని లాంటివాళ్ళ గొప్పతనం నాకు కనిపించేది ఇక్కడే. 10-7తో ఒలింపిక్ ఫైనల్ గెలిచిన చెయ్యిని, ఇంకొకళ్ళ గెలుపు కోసం ఓడిపోవడానికి మళ్ళీ మొదటి నుంచి ట్రైన్ చేసుకోవాలి.

ఒళ్ళు సంగతి కూడా విను. కోచింగ్ జాకెట్ అని మందంగా, తోలుతోనో గట్టి ప్యాడింగ్‌తోనో వస్తుంది, మామూలు జాకెట్ మీద లెసన్లు ఇచ్చావంటే కాలర్ ఎముక కింద నల్లగా కమిలిపోతుంది. దాంతో మే నెలలో మన ఇండోర్ హాల్లో, రేకుల కప్పు కింద, సాయంత్రం వరసగా ఆరేడు లెసన్లు ఇచ్చి చూడు. లెసన్ అంతా నువ్వు వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉంటావు కాబట్టి మోకాళ్ళు, కత్తి పట్టే చేతి మోచెయ్యి, భుజం ముందుగా పోతాయి. పైగా ఎడమచేత్తో కూడా లెసన్ ఇవ్వడం నేర్చుకోవాలి, ఎందుకంటే ఫాయిల్‌లో లెఫ్ట్ హ్యాండర్లు చాలామంది తగులుతారు, వాళ్ళ మీద కోణాలన్నీ మారిపోతాయి, క్లబ్‌లో ఒక్క లెఫ్టీ కూడా లేకపోతే ఆ లెఫ్టీవి నువ్వే అవ్వాలి. నువ్వు ఈ రోజు నుంచే చెయ్యగలిగిన పని ఇది, రోజూ కాసేపు ఎడమచేత్తో అద్దం ముందు పారీలు చెయ్యి, మొదట్లో చిరాకేస్తుంది, అలవాటవుతుంది.

పిస్ట్ (బౌట్ ఆడే పొడుగాటి పట్టీ) పక్కన చేసే కోచింగ్ గురించి జనానికి ఉన్న ఊహకీ నిజానికీ పొంతన ఉండదు. నాకౌట్‌లో 15 టచ్‌లు, మూడు నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో ఒక్క నిమిషం బ్రేక్. ఆ నిమిషంలో మాస్క్ తియ్యడం, నీళ్ళు, తుడుచుకోవడం, ఊపిరి పీల్చుకోవడం పోగా నీకు మిగిలేది రెండు మాటలు. "అవతలోడు అడుగు ఆపాకే కొట్టు", "ఫోర్‌లో వెతకకు, సిక్స్ చూడు" (లోపలి వైపు కాదు, బయటి వైపు అని), అంతే. మూడో మాట చెప్తే మొదటిది కూడా పోతుంది. కొందరు కోచ్‌లు బౌట్ మొత్తం అరుస్తూనే ఉంటారు, అది పిల్లాడి కోసం కాదు, వెనక కూర్చున్న పేరెంట్స్ కోసం.

ఇంకోటి, నువ్వు ఆడిన ఆట నువ్వు నేర్పే టైమ్‌కి ఉండదు. ఫాయిల్‌లో ఒకప్పుడు టిప్ ఒకటి నుంచి ఐదు మిల్లీసెకన్లు నొక్కుకుంటే లైట్ వెలిగేది, అందుకే బ్లేడ్‌ని కొరడాలా ఊపి వీపు మీద, భుజం వెనక తగిలించే ఫ్లిక్ టచ్‌లు రాజ్యమేలాయి. 2005 ప్రాంతంలో ఎఫ్.ఐ.ఈ (ప్రపంచ ఫెన్సింగ్ సమాఖ్య) దాన్ని సుమారు 15 మిల్లీసెకన్లకి పెంచింది, ఒకరికి లైట్ వెలిగాక రెండో వాళ్ళ టచ్‌కి ఉండే టైమ్‌ని 750 నుంచి 300కి తగ్గించింది. అంతే, ఫ్లిక్ మీద బతికినవాళ్ళు ఒక్క సీజన్లో దెబ్బతిన్నారు, ఆ ఫ్లిక్ ఒక్కటే నేర్పడం తెలిసిన కోచ్‌లు కూడా. 80ల్లో ఆడిన మనిషి 2012లో, 2016లో గోల్డులు కొట్టించాడంటే మధ్యలో ఆటని ఎన్నిసార్లు కొత్తగా నేర్చుకుని ఉంటాడో ఆలోచించు. "మా టైమ్‌లో" అనే మాట మొదలెట్టిన రోజు నీ క్లబ్ పిల్లలు ఇంకో క్లబ్‌కి పోవడం మొదలవుతుంది.

మన దేశం సంగతికొద్దాం. భవానీ దేవి పేరు అందరికీ తెలుసు, టోక్యోకి క్వాలిఫై అయి ఒలింపిక్స్ ఆడిన మొదటి ఇండియన్ ఫెన్సర్, ఆమెది సేబర్, అంచుతో కూడా కొట్టే కత్తి. మొదటి బౌట్లో ట్యునీషియా అమ్మాయిని 15-3తో కొట్టింది, తర్వాత ఫ్రాన్స్ మనోన్ బ్రూనే మీద 7-15తో ఓడింది. 2023లో వూషీ ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో వరల్డ్ ఛాంపియన్ మిసాకీ ఎమురాని 15-10తో ఓడించి బ్రాంజ్ తెచ్చింది, సెమీస్ ఒక్క టచ్‌తో పోయింది. నీకు కావాల్సింది ఆమె స్కోర్లు కాదు, ఆమె వెనక వరసగా ఉన్న కోచ్‌లు. చెన్నైలో స్కూల్లో వెదురు కర్రలతో ప్రాక్టీస్ మొదలు, తర్వాత కేరళ తలశ్శేరి సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్లో సాగర్ లాగు సార్, తర్వాత ఇటలీ లివోర్నోలో నికోలా జనోట్టి, ఆ తర్వాత ఫ్రాన్స్ ఓర్లెయాన్‌లో క్రిస్టియన్ బావర్.

ఈ బావర్ ఎవరంటే, ఫ్రెంచాయన, ఇటలీ సేబర్‌కి కోచ్‌గా ఉండగా 2004 ఏథెన్స్‌లో అల్దో మొంతానో గోల్డ్, చైనాకి వెళ్తే 2008 బీజింగ్‌లో జోంగ్ మన్ గోల్డ్, రష్యాకి వెళ్తే 2016 రియోలో యానా ఎగోరియాన్ గోల్డ్, విమెన్స్ టీమ్ గోల్డ్. మూడు దేశాలు, మూడు భాషలు. ఆయన దగ్గరకి వెళ్ళేసరికి భవానీ దేవి తయారైన ప్లేయర్. మరి తయారు చేసిందెవరు? తలశ్శేరిలో పదో తరగతి అయిన అమ్మాయిని తీసుకుని అడుగు వెయ్యడం దగ్గర నుంచి సరిచేసిన కోచ్ లేకపోతే ఓర్లెయాన్ దాకా వెళ్ళడానికి మనిషే ఉండదు కదా. పేపర్లో ఫోటో చివరి కోచ్‌ది వస్తుంది, అది మారదు, దానికి నువ్వు ముందే రెడీగా ఉండాలి. ఇండియాలో ఎలీట్ కోచ్ అవుతానంటే ఇప్పటికైతే అర్థం చాలావరకు ఇదే, పిల్లని 12కి తీసుకుని 18కి బయటికి పంపేంత చెయ్యడం, పంపేటప్పుడు ఏడుపు మొహం పెట్టకుండా పంపడం. నా స్టూడెంట్ నా దగ్గరే ఉండాలని పట్టుబట్టి పిల్లల కెరీర్ పాడుచేసినవాళ్ళు మన సర్కిల్‌లో ఉన్నారు, పేర్లు నీకూ తెలుసు, ఇక్కడ వద్దు.

డబ్బుల విషయం దాచకుండా చెప్తా. గవర్నమెంట్ సైడ్ వెళ్ళాలంటే పటియాలా ఎన్.ఐ.ఎస్ డిప్లొమా చెయ్యాలి, ఏడాది కోర్స్, సాయ్‌లో గానీ స్టేట్ స్పోర్ట్స్ అథారిటీలో గానీ నోటిఫికేషన్ పడితే ముందు అడిగేది అదే. 6 వారాల సర్టిఫికెట్ కోర్స్ కూడా ఉంది, అది చేసి అకాడమీ బోర్డు పెట్టినవాళ్ళున్నారు, పెట్టొచ్చు, కానీ పోస్టులకి అది చాలదు. మొదట్లో దొరికేవి ఎక్కువగా కాంట్రాక్ట్ పోస్టులు, ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూపులు, జీతం లేటు అవ్వడం కూడా ఉంటుంది. ప్రైవేట్ స్కూళ్ళలో అయితే ఒక్క ఫెన్సింగ్ కోచ్‌గా తీసుకునేవాళ్ళు తక్కువ, పొద్దున పీటీ, మధ్యాహ్నం స్పోర్ట్స్ డే పనులు, సాయంత్రం నీ ఫెన్సింగ్.

దీనికి తోడు నువ్వే మెకానిక్‌వి. బ్లేడ్లు, బాడీ వైర్లు, లామే జాకెట్లు (టచ్ తగిలితే లైట్ వెలిగేలా కరెంట్ పారే జాకెట్లు) అన్నీ ఖరీదే, మంచివన్నీ దిగుమతే, పిల్లల ఇళ్ళల్లో రెండోది కొనే స్తోమత ఉండదు. కాబట్టి టిప్ విప్పి శుభ్రం చెయ్యడం, వైర్ తెగితే గ్రూవ్ గీకి కొత్త వైర్ అంటించడం, 500 గ్రాముల బరువు పెట్టి స్ప్రింగ్ చూడడం, మల్టీమీటర్‌తో లామే అంతా చెక్ చెయ్యడం, బ్లేడ్ చివర 15 సెంటీమీటర్లు టేప్ చుట్టడం, ఇవన్నీ రాత్రి హాల్ మూసేశాక నీ పనులు. పోటీలో పిల్లాడు పిస్ట్ మీదకి వెళ్ళాక వెయిట్ ఫెయిలైతే కార్డ్ పడుతుంది, వాడు ఆడకముందే సగం ఓడిపోతాడు. నువ్వు ఇన్నాళ్ళూ నీ కత్తులు ఇంకెవరితోనో బాగు చేయించుకుంటూ వచ్చావా, ఈ నెల నుంచి మానెయ్, సోల్డరింగ్ ఐరన్ కొనుక్కో.

బయటి దేశాల సంగతి కూడా అడిగావు. అమెరికాలో ఫెన్సింగ్ క్లబ్ బిజినెస్ పెద్దది, న్యూజెర్సీ, బే ఏరియాల్లో మన తెలుగువాళ్ళ పిల్లలు కూడా బాగానే కనిపిస్తున్నారు, చాలామంది పేరెంట్స్ కళ్ళు కాలేజ్ అడ్మిషన్ మీద ఉంటాయి, అందులో దాచేది కూడా ఏం లేదు. అక్కడి కోచ్‌లు ఎక్కువగా పాత సోవియట్ దేశాలు, హంగరీ, పోలండ్, ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. వ్లదిమీర్ నజ్లీమోవ్ ఉన్నాడు, సోవియట్ సేబర్ టీమ్‌తో మూడు ఒలింపిక్ గోల్డులు, తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కోచ్‌గా 2004, 2008, 2012లో కాలేజ్ టైటిల్స్. గ్రెగ్ మసియాలస్ అమెరికాకి ఒలింపిక్స్ ఆడి శాన్‌ఫ్రాన్సిస్కోలో కోచ్ అయ్యాడు, కొడుకు అలెగ్జాండర్ రియోలో సిల్వర్ కొట్టాడు. మన దగ్గర నుంచి కోచ్ వీసా మీద అక్కడికి వెళ్ళడం మాత్రం ఇంటర్నేషనల్ రికార్డ్ లేకుండా చాలా కష్టం, ఈ ఒక్క విషయంలో మెడల్ లేకపోవడం నీకు నిజంగా అడ్డమే, ఏజెంట్ల మాటలు నమ్మి డబ్బులు కట్టొద్దు.

ఇంక 26 ఏళ్ళకి నువ్వేం చెయ్యాలి అంటే, నా మాట ఇది, ఇంట్లోవాళ్ళతో యుద్ధం పెట్టుకోకు. బ్యాంక్ పరీక్ష రాస్తూనే ఈ ఏడాది సాయంత్రాలు ఎవరైనా లెసన్లు బాగా ఇచ్చే కోచ్ దగ్గర అసిస్టెంట్‌గా చేరు, జీతం అడక్కు, ఒక్కటే అడుగు, "సార్, రోజూ చివర్లో ఒక పిల్లకి లెసన్ నేను ఇస్తా, మీరు చూసి చెప్పండి" అని. ఎంచుకునేటప్పుడు ఆయన గోడ మీద సర్టిఫికెట్లు చూడకు, లెసన్ ఇస్తున్నప్పుడు ఆయన చెయ్యి చూడు, పిల్లాడికి తగిలిన ప్రతిసారీ ఆయన ఆనందపడుతున్నాడా లేదా చూడు. ఫోన్ స్టాండ్ పెట్టి నీ లెసన్లు వీడియో తీసుకో, పిల్లని కాదు, నీ పారీ ఎప్పుడు మొదలవుతోందో చూసుకో. కొన్ని నెలలకి నీకే తెలుస్తుంది, పొడిపించుకోవడం విసుగ్గా ఉంటే బ్యాంకులో చేరి వీకెండ్ వెటరన్స్ ఆడుకో, హాయిగా ఉంటుంది. అది ఇష్టంగా అనిపిస్తే పటియాలా అప్లికేషన్ పెట్టు, ఎంట్రెన్స్‌లో ఫిట్‌నెస్ కూడా చూస్తారు కాబట్టి ఆట పూర్తిగా మానెయ్యకు.

కోచింగ్ జాకెట్ ఏది కొనాలని చివర్లో అడిగావు. కొత్తది ఇప్పుడే వద్దు, రేటు ఎక్కువ, పైగా మొదట కొన్నది సైజు కుదరదు. రిటైరైన కోచ్‌ల దగ్గర పాతవి మూలన పడి ఉంటాయి, అడిగితే ఇచ్చేస్తారు. చేతికి మాత్రం కొత్త గ్లోవ్, మోచెయ్యి దాకా వచ్చేది తీసుకో, పిల్లలు ఎక్కువగా కొట్టేది అక్కడే. నీది ఏ జిల్లానో రాస్తే దగ్గర్లో ఎవరి దగ్గర చేరొచ్చో మెసేజ్‌లో చెప్తా.